ఒకే లైసెన్సు, వేర్వేరు జీతాలు: అమెరికాలో ప్రాక్టికల్ నర్సు సంపాదనను ఏవి నిర్ణయిస్తాయి?

ఏడాది కోర్సు పూర్తి చేసి, ఎన్‌క్లెక్స్–పీఎన్ పరీక్ష పాసై, కొత్తగా లైసెన్సు చేతికొచ్చిన ఒక అమెరికన్ ప్రాక్టికల్ నర్సుకు రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చిందనుకుందాం. మొదటిది ఊరి నడిబొడ్డున ఉన్న పెద్దాసుపత్రి: అద్దాల మేడ, ఆపరేషన్ థియేటర్లు, పేరున్న వైద్యులు. రెండోది ఊరి చివర ఒంటి అంతస్తులో, వంద మంది వృద్ధులకు ఆశ్రయమిచ్చే సంరక్షణ కేంద్రం. ఎక్కువ జీతం ఎక్కడ వస్తుందని ఎవరినైనా అడిగితే ఆసుపత్రి అనే అంటారు. లెక్కలు మాత్రం అందుకు విరుద్ధంగా ఉన్నాయి. కార్మిక గణాంకాల సంస్థ, అంటే బీఎల్‌ఎస్, ఏటా ప్రకటించే వేతనాల పట్టికలో ఈ వృత్తి వరకు వృద్ధుల కేంద్రాలూ ప్రభుత్వోద్యోగాలూ పైవరుసలో ఉంటాయి. ఆసుపత్రులు వాటి కిందకు, డాక్టర్ల క్లినిక్కులు ఇంకా కిందకు వస్తాయి. ఈ తలకిందుల వరుస ఎలా వచ్చిందో అర్థమైతే ప్రాంతాన్ని బట్టి జీతం మారే తీరు కూడా చాలావరకు అర్థమవుతుంది, ఎందుకంటే రెండింటి వెనుకా ఉన్నవి ఒకే రెండు ప్రశ్నలు: ఈ లైసెన్సుకు ఆ చోట చట్టం ఎంత విలువ కట్టింది, చివరకు బిల్లు ఎవరు కడుతున్నారు.

ముందుగా ఈ వృత్తి ఎక్కడ నిలబడిందో చూడాలి. చాలా రాష్ట్రాల్లో వీరిని లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్, అంటే ఎల్‌పీఎన్ అంటారు; కాలిఫోర్నియా, టెక్సస్ రాష్ట్రాల్లో మాత్రం లైసెన్స్‌డ్ ఒకేషనల్ నర్స్, అంటే ఎల్‌వీఎన్ అంటారు. పేర్లు వేరైనా రాసే పరీక్ష ఒకటే. వీరికి పైన రిజిస్టర్డ్ నర్సు (ఆర్‌ఎన్), కింద నర్సింగ్ అసిస్టెంటు ఉంటారు. 2024 మే నాటి బీఎల్‌ఎస్ లెక్కల ప్రకారం ప్రాక్టికల్ నర్సు మధ్యస్థ వార్షిక వేతనం 62,340 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, మిగతా సగానికి తక్కువ. అదే ఏడాది ఆర్‌ఎన్‌కు 93,600, నర్సింగ్ అసిస్టెంటుకు 39,530 డాలర్లు. పైమెట్టుకూ కిందిమెట్టుకూ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు నడుమ నిలబడ్డ మనిషి విలువ తన పనితనం కన్నా, తన బదులు ఇంకెవరిని పెట్టుకోవచ్చన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. తన పనిని కిందివారికి అప్పగించే వీలుంటే జీతం కిందికి జారుతుంది. పైవారు చేయాల్సిన పనిని తాను చేయగలిగితే పైకి పోతుంది.

వృద్ధుల కేంద్రంలో జరిగేది సరిగ్గా ఈ రెండోదే. ఇక్కడ మాటల చిక్కొకటి ఉంది. తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే కాన్పులూ చిన్నచిన్న ఆపరేషన్లూ జరిగే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అదే మాటకు అర్థం సొంతంగా లేచి తిరగలేని వృద్ధులు నెలలు, ఏళ్ల తరబడి ఉండే కేంద్రం. ఈ వ్యాసంలో నర్సింగ్ హోమ్ అన్న ప్రతిచోటా రెండో అర్థమే తీసుకోవాలి. ప్రభుత్వ బీమా సొమ్ము తీసుకునే నర్సింగ్ హోముల మీద 1987లో వచ్చిన సంస్కరణల చట్టం ఒక నిబంధన పెట్టింది: ఇరవై నాలుగు గంటలూ లైసెన్సున్న నర్సు ఎవరో ఒకరు ఉండి తీరాలి, ఆర్‌ఎన్ మాత్రం రోజుకు వరుసగా ఎనిమిది గంటలు ఉంటే చాలు. లైసెన్సున్న నర్సు అన్న మాటలోకి ఎల్‌పీఎన్ కూడా వస్తుంది. దీంతో మిగతా పదహారు గంటల భారాన్ని యాజమాన్యం చట్టానికి లోబడే ఎల్‌పీఎన్ భుజాన పెట్టవచ్చు. ఆర్‌ఎన్‌ను పెట్టుకుంటే ఎక్కువ ఇవ్వాలి, అసిస్టెంటును పెడితే చట్టం ఒప్పుకోదు. ఒక ఉద్యోగికి ఇంతకు మించిన బేరబలం అరుదుగా దొరుకుతుంది.

ఆ బలానికి మూల్యం రాత్రి డ్యూటీలో కనిపిస్తుంది. పదకొండు గంటలకు డ్యూటీ ఎక్కిన నర్సు మొదట చేసేది, దిగిపోతున్న నర్సుతో కలిసి తాళం వేసిన సొరుగులోని నొప్పి మాత్రలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి పుస్తకంలో సంతకం పెట్టడం. ఒక్క మాత్ర తేడా వచ్చినా దిగిపోయే ఆమె ఇంటికి వెళ్లడానికి లేదు. ఆ తరువాత మందుల బండి తోసుకుంటూ గది గదికీ తిరగాలి. ఒకరికి మాత్ర పొడి చేసి పెరుగులో కలిపివ్వాలి, మరొకరికి ఇన్సులిన్ వేసేముందు రక్తంలో చక్కెర చూడాలి. తెల్లవారుజామున ఎవరో మంచం దిగబోయి పడిపోతే దెబ్బ చూసేదీ, వైద్యుడికి ఫోన్ చేసేదీ, కుటుంబానికి కబురందించేదీ, నివేదిక రాసేదీ ఆమే. ఆ సమయానికి భవనంలో వేరే నర్సు ఉండకపోవచ్చు. ఆర్‌ఎన్ ఫోనులో అందుబాటులో ఉంటే అదే పెద్ద అండ. హోదాకు ఛార్జి నర్సు, బాధ్యతకు దాదాపు ఆసుపత్రి సూపర్‌వైజరు. గంటకు రెండు మూడు డాలర్లు ఎక్కువిస్తున్నారంటే ఈ ఒంటరితనానికి కట్టిన ధరగానే దాన్ని చూడాలి, ఉదారత అనుకోకూడదు.

ఆసుపత్రిలో పరిస్థితి వేరు. కొత్తగా చేరిన రోగిని మొదటిసారి సమగ్రంగా పరీక్షించి సంరక్షణ ప్రణాళిక రాయడం సాధారణంగా ఆర్‌ఎన్ పని. సిర ద్వారా మందులివ్వడంలో ఎల్‌పీఎన్ ఎంతవరకు వెళ్లవచ్చన్నది రాష్ట్రానికో తీరు. కొన్నిచోట్ల అదనపు శిక్షణ సర్టిఫికెట్ ఉంటే చాలు, మరికొన్ని మందుల విషయంలో ఎన్ని సర్టిఫికెట్లున్నా అనుమతి లేదు. కాబట్టి తీవ్రంగా జబ్బుపడినవారుండే వార్డులో ఐదుగురు రోగులను ఎల్‌పీఎన్‌కు అప్పగించినా, ఆమె చేయకూడని పనుల కోసం పక్కనున్న ఆర్‌ఎన్ తన రోగులను వదిలి రావాల్సి వస్తుంది. ఒకరి జీతంలో మిగిలిన డబ్బు ఇంకొకరి సమయంలో కరిగిపోతుంది. పైగా నర్సులకు డిగ్రీ ఉండాలన్న ఒత్తిడి, ఆర్‌ఎన్‌ల వాటాను నాణ్యతకు గుర్తుగా చూసే ధోరణి గత కొన్ని దశాబ్దాలుగా పెరుగుతూ వచ్చి, పెద్దాసుపత్రుల్లో ఎల్‌పీఎన్ స్థానాన్ని సన్నబరిచాయి. ఆసుపత్రికి ఆమె సాయం కావాలి కానీ ఆమె లేకపోతే తలుపులు మూయాల్సిన అవసరం రాదు. జీతం తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే.

అయితే జీతం ఒక్కటే చూసి ఆసుపత్రిని కొట్టిపారేయడం తొందరపాటు అవుతుంది. ఆరోగ్య బీమా, పదవీ విరమణ నిధిలో యాజమాన్యం వాటా, ఆర్‌ఎన్ చదువుకు ఫీజు సాయం లాంటివి పెద్దాసుపత్రుల్లో మెరుగ్గా ఉండటం మామూలే. రెండు మూడేళ్లలో ఆర్‌ఎన్ కావాలనుకునేవారికి ఆ ఫీజు సాయం, గంటకు వచ్చే అదనపు డాలర్ల కన్నా విలువైనది కావచ్చు.

క్లినిక్కుల సంగతి చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. అక్కడ ఎల్‌పీఎన్‌కు పోటీ మెడికల్ అసిస్టెంటు. చాలా రాష్ట్రాల్లో మెడికల్ అసిస్టెంటుకు లైసెన్సే అవసరం లేదు, అయినా వైద్యుడి పర్యవేక్షణలో ఇంజెక్షన్లు ఇవ్వవచ్చు. తక్కువ జీతానికి దాదాపు అదే పని చేసే మనిషి దొరుకుతుండగా ఎల్‌పీఎన్‌కు ఎక్కువిచ్చే యజమాని ఉండడు. రాత్రి డ్యూటీలు లేకపోవడం, పండుగ రోజు సెలవు దొరకడం ఆ లోటును కొంత పూడుస్తాయి.

ఇళ్లకు వెళ్లి చేసే సేవలో రెండు రకాలున్నాయి, ఒకే పేరు కింద వాటిని కలిపేయడం వల్ల గందరగోళం వస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వృద్ధుల పుండ్లకు కట్లు కట్టి, మందులు సరిచూసి వెళ్లే నర్సుకు తరచుగా విజిట్‌కు ఇంత అని చెల్లిస్తారు; ఇళ్ల మధ్య దూరం ఎక్కువైతే గంటకు పడేది తగ్గిపోతుంది. రెండోది ప్రైవేట్ డ్యూటీ. గొంతులో గొట్టంతో, వెంటిలేటరు మీద బతుకుతున్న బిడ్డ పక్కన పది పన్నెండు గంటలు ఒక్కరే కూర్చునే ఉద్యోగం ఇది. ఇలాంటి పిల్లల బిల్లులో పెద్ద భాగం పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ కడుతుంది, గంటకు ఎంత అన్నది ఆ రాష్ట్రమే నిర్ణయిస్తుంది. రాష్ట్రం రేటు పెంచకపోతే ఏజెన్సీ జీతం పెంచలేదు. నర్సు దొరకని రాత్రి ఆ తల్లే మేలుకుని యంత్రం చప్పుడు వింటూ కూర్చుంటుంది.

ప్రభుత్వోద్యోగాల్లో మాజీ సైనికుల ఆసుపత్రులు పెద్ద యజమాని. అక్కడ ప్రాక్టికల్ నర్సు జీతం కేంద్ర ఉద్యోగుల సాధారణ వేతన శ్రేణిలో ఉంటుంది. ఆ శ్రేణిలోని మూల వేతనానికి ప్రాంతీయ భత్యం కలుపుతారు: 2025లో శాన్ ఫ్రాన్సిస్కో పరిధిలో అది 46.34 శాతం, ప్రత్యేకంగా ఏ ప్రాంతం కిందికీ రాని మిగతా దేశానికి 17.06 శాతం. ఒకే మెట్టు మీద 40,000 డాలర్ల మూల వేతనం ఉందనుకుంటే మొదటి చోట 58,536, రెండో చోట 46,824 అవుతుంది. ప్రాంతాన్ని బట్టి జీతం ఎందుకు మారుతుందో రాతపూర్వకంగా, శాతాలతో సహా చెప్పే యజమాని ఇదొక్కటే అనిపిస్తుంది. మిగతాచోట్ల అదే తేడా ఉంటుంది కానీ కారణం ఎవరూ చెప్పరు.

బిల్లు ఎవరు కడుతున్నారన్న ప్రశ్నకు మళ్లీ నర్సింగ్ హోము దగ్గరికే రావాలి. అక్కడ ఉంటున్న ప్రతి పదిమందిలో సుమారు ఆరుగురికి ఖర్చు భరించేది మెడికెయిడ్. రోజుకు ఎంత చెల్లించాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. యజమాని లాభాపేక్ష సంగతి అటుంచితే, ఆ రోజు రేటే జీతాల మీద పైకప్పు. కప్పు ఎత్తుగా ఉన్న రాష్ట్రంలో నర్సు తల ఎత్తగలదు, కిందికి ఉన్న రాష్ట్రంలో ఎంత కొరత ఉన్నా వంగి నిలబడాల్సిందే. నర్సింగ్ హోముల్లో సిబ్బంది సంఖ్య మీద కేంద్ర ప్రభుత్వం పెట్టబోయిన నిబంధన కూడా ఎల్‌పీఎన్‌ల విలువను ఎలా కదిలించగలదో 2023, 2024 సంవత్సరాల్లో బయటపడింది. 2023 ముసాయిదాలో ప్రతి రోగికీ రోజుకు ఆర్‌ఎన్ సమయం 0.55 గంట, నర్సింగ్ అసిస్టెంటు సమయం 2.45 గంటలు ఉండాలన్నారు. ఎల్‌పీఎన్ ఊసే లేదు. అలాగే అమలైతే డబ్బంతా ఆ రెండు వర్గాల నియామకాలకే పోయి మధ్యవారిని తగ్గించుకుంటారన్న ఆందోళన వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఖరారైన రూపంలో మొత్తం సమయం 3.48 గంటలు ఉండాలన్న షరతు చేర్చారు. మొదటి రెండూ కలిపితే మూడు గంటలు, మిగిలిన 0.48 గంటలో ఎల్‌పీఎన్‌ను లెక్కించుకోవచ్చు. అరగంటకు కూడా సరిపోని ఆ సందులోనే ఒక వృత్తికి చోటు దొరికిందన్నమాట. 2025 ఏప్రిల్‌లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు ఆ నిబంధనలోని ముఖ్యాంశాలను కొట్టేసింది, ఆ జులైలో వచ్చిన చట్టం అమలును 2034 దాకా ఆపేసింది. పాత ఏర్పాటే మిగిలింది కాబట్టి రాత్రి డ్యూటీ ఎల్‌పీఎన్ అవసరమూ అలాగే మిగిలింది.

ఇక పటం మీదికి వస్తే, పడమటి తీరంలోని వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియా, వాటితో పాటు అలాస్కా, ఈశాన్యాన మసాచుసెట్స్, రోడ్ ఐలండ్ లాంటి రాష్ట్రాలు జీతాల్లో ముందుంటాయి. మిసిసిపి, అలబామా, వెస్ట్ వర్జీనియా, ఆర్కన్సా లాంటివి వెనుక వరుసలో ఉంటాయి. దీన్ని ధరల తేడా అని ఒక్కమాటలో తేల్చేయడం సులువే కానీ అది సగం నిజం.

కాలిఫోర్నియాను తీసుకోండి. 1999లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ఆసుపత్రుల్లో ఒక నర్సుకు ఎంతమంది రోగులు మించకూడదో 2004 నుంచి కచ్చితమైన సంఖ్యలు అమల్లో ఉన్నాయి. ఆ లెక్కలో ఎల్‌వీఎన్‌లను కూడా చేర్చుకోవచ్చు, అయితే వార్డులోని లైసెన్సు నర్సుల్లో సగానికి మించకూడదు. వేరేచోట ఆసుపత్రికి అదనపు సాయంగా మాత్రమే ఉన్న మనిషి ఇక్కడ చట్టం లెక్కించే అంకె అయింది. దీనికి తోడు ఆరోగ్యరంగంలోని చాలామంది ఉద్యోగులకు విడిగా కనీస వేతనం పెట్టి, దశలవారీగా గంటకు 25 డాలర్లకు తీసుకెళ్లే చట్టం 2024 అక్టోబరు నుంచి అమలైంది. అసిస్టెంటు జీతమే పాతిక డాలర్ల వైపు నడుస్తుంటే, ఆమె మీద పర్యవేక్షణ చేసే నర్సుకు అంతకన్నా గణనీయంగా ఎక్కువ ఇవ్వక తప్పదు. మిసిసిపి, అలబామాల్లో రాష్ట్ర కనీస వేతన చట్టమే లేదు. 2009 నుంచి కదలని 7.25 డాలర్ల ఫెడరల్ కనీస వేతనమే అక్కడ నేల. ఎల్‌పీఎన్‌కు ఎవరూ ఆ జీతం ఇవ్వరు కానీ, కింద నేల ఎంత లోతుకు ఉందో దాన్ని బట్టే పై మెట్ల ఎత్తు కుదురుతుంది.

వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చెల్లింపుల్లో దీనికంటే చిక్కైన వలయం ఒకటుంది. ఒక ప్రాంతంలో ఆసుపత్రులు ఇచ్చే జీతాల ఆధారంగా ఆ ప్రాంతానికి వేతన సూచీ కడతారు. ఆ సూచీని బట్టి చెల్లింపు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. జీతాలు తక్కువున్న ప్రాంతానికి సూచీ తక్కువ, సూచీ తక్కువ కాబట్టి వచ్చే సొమ్ము తక్కువ, సొమ్ము తక్కువ కాబట్టి జీతాలు పెంచే స్తోమత లేదు. నర్సింగ్ హోములకంటూ విడిగా సూచీ లేకపోవడంతో వాటికి కూడా ఈ ఆసుపత్రుల సూచీనే వాడుతున్నారు. బాగా అడుగున ఉన్న ఆసుపత్రుల సూచీని కొంత పెంచే పద్ధతిని 2020 ఆర్థిక సంవత్సరం నుంచి మొదలుపెట్టారు కానీ, అలా చేసే అధికారం ప్రభుత్వానికి లేదని 2024లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. దక్షిణాది పల్లెల్లో ఎల్‌పీఎన్ జీతం ఏళ్ల తరబడి ఎందుకు కదలదో అడిగేవారు స్థానిక యజమాని పిసినారితనం కన్నా ముందు ఈ వలయాన్ని చూడాలి.

ధరల తేడా మాట కూడా లెక్కగట్టే చెప్పుకోవాలి. దేశ సగటు ధరలను 100 అనుకుంటే కాలిఫోర్నియా 112 దగ్గర, మిసిసిపి 87 దగ్గర ఉంటాయి. ఉదాహరణకు మొదటిచోట గంటకు 36, రెండోచోట 23 డాలర్లు వస్తున్నాయనుకుంటే పైకి కనిపించే తేడా 13 డాలర్లు. ధరలతో సరిచేస్తే అవి 32, 26 దగ్గరికి వచ్చి తేడా ఆరు డాలర్లు కూడా ఉండదు. సగానికి పైగా కరిగిపోయింది, అయినా పూర్తిగా పోలేదు. ఇంకొక మెలిక కూడా ఉంది: ఈ ధరల తేడాలో సింహభాగం ఇంటి అద్దెదే. సొంతిల్లు ఉన్నవారికి, తల్లిదండ్రుల ఇంట్లో ఉండేవారికి కాలిఫోర్నియా జీతం చూపించినంతా విలువైనదే. కొత్తగా వెళ్లి అద్దెకు దిగేవారికి కాదు.

ఇంతవరకు చెప్పిన అంకెలన్నింటిలో దాగిన లోపం ఒకటుంది. బీఎల్‌ఎస్ వార్షిక వేతనమంటే గంట రేటును 2,080తో గుణించిన ఫలితం. ఓవర్‌టైమూ, రాత్రి డ్యూటీకి ఇచ్చే అదనపు రేటూ అందులో చేరవు. ప్రాక్టికల్ నర్సులు సాధారణంగా ఓవర్‌టైమ్ మినహాయింపు కిందికి రారని ఫెడరల్ నిబంధనలే చెబుతున్నాయి, కాబట్టి వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు చెల్లించాలి. గంటకు 30 డాలర్ల మూల రేటు, రాత్రికి మరో 2 డాలర్లతో నాలుగు పన్నెండు గంటల డ్యూటీలు చేసిన ఒక వారం జీతం చీటీ చూడండి: మొదటి 40 గంటలకు 1,280, మిగతా ఎనిమిది గంటలకు 48 చొప్పున 384, మొత్తం 1,664 డాలర్లు. గణాంకాల పుస్తకంలో అదే మనిషి వారానికి 1,200 డాలర్ల ఉద్యోగి. సిబ్బంది కొరతతో అల్లాడే నర్సింగ్ హోముల్లో అదనపు డ్యూటీలు కావాలన్నా వద్దన్నా తగులుతుంటాయి గనుక, క్లినిక్కుకూ నర్సింగ్ హోముకూ అసలు సంపాదనలో ఉన్న ఎడం పట్టికల్లో కనిపించేదానికన్నా ఎక్కువే ఉంటుంది.

ఏజెన్సీల ప్రకటనల్లో వచ్చే వారపు మొత్తాలను దీనికి తిరగేసి చదవాలి. ఊరూరా తిరిగి పదమూడు వారాల చొప్పున పనిచేసే నర్సుకు ఇచ్చే మొత్తంలో పన్ను పడే గంట రేటు చిన్నది, బసకూ భోజనానికీ పన్ను లేకుండా ఇచ్చే భత్యం పెద్దది. సొంత ఊళ్లో ఇంటి ఖర్చు భరిస్తూ, పనిచేసే చోట ఇంకో బస ఖర్చు పెట్టేవారికే ఆ పన్ను మినహాయింపు చెల్లుతుంది. ఓవర్‌టైమ్ లెక్క, రేపు పదవీ విరమణ పింఛను లెక్క మాత్రం ఆ చిన్న గంట రేటు చుట్టూనే తిరుగుతాయి.

చివరగా లైసెన్సుకు ఉన్న సరిహద్దులు. ఒక రాష్ట్రం లైసెన్సుతో మరో రాష్ట్రంలో పనిచేయనిచ్చే నర్సుల ఒప్పందంలో నలభైకి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు చేరాయి. కాలిఫోర్నియా, ఒరెగాన్, అలాస్కా చేరలేదు. జీతాల పట్టికలో పైనున్న రాష్ట్రాల్లో కొన్ని గేటు వేసుకుని ఉండటం యాదృచ్ఛికమని నాకు అనిపించదు, అయితే గేటు వల్లే జీతం పెరిగిందని చెప్పడం కూడా కష్టం; ఒప్పందంలో 2023లో చేరిన వాషింగ్టన్ కూడా పట్టికలో పైనే ఉంది.

ఈ తేడాలన్నీ ఒక్కచోట కనిపించాలంటే కొలంబియా నది దగ్గర నిలబడాలి. ఉత్తరపు ఒడ్డున వాంకూవర్, అది వాషింగ్టన్ రాష్ట్రం. దక్షిణాన పోర్ట్‌లాండ్, అది ఒరెగాన్. రెండు ఊళ్ల మధ్య కారులో కొద్ది నిమిషాలే. వాంకూవర్‌లో ఉండే ఎల్‌పీఎన్ తన ఒడ్డునే పనిచేస్తే జీతం మీద రాష్ట్ర ఆదాయపు పన్ను ఉండదు, చేతిలోని బహుళ రాష్ట్రాల లైసెన్సుతో ఇడాహోకైనా వెళ్లి పనిచేయవచ్చు. వంతెన దాటి పోర్ట్‌లాండ్‌లో చేరాలంటే ఒరెగాన్ లైసెన్సు విడిగా తీసుకోవాలి, ఇల్లు వాషింగ్టన్‌లోనే ఉన్నా అక్కడ సంపాదించిన ప్రతి డాలరుకూ ఒరెగాన్ పన్ను కట్టాలి. అవతలి ఒడ్డున గంటకు రెండు డాలర్లు ఎక్కువిస్తామని ప్రకటన కనిపించినప్పుడు ఆమె ముందుగా లెక్కవేయాల్సింది ఆ రెండు డాలర్లలో వంతెన దాటి ఇంటికి చేరేవి ఎన్ని అన్నదే.